బెత్తెడు మీద వేలెడు

గుర్వమ్మకు రోడ్డు దాటడం ఒక పెద్ద పని. గడప దిగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి కాసేపు ఊపిరి తీసుకుంటుంది. తారు అంచుకు వచ్చాక, పాదాలు కొంచెం కొంచెంగా జరుపుకుంటూ ఒళ్ళు మొత్తాన్ని మర్రిగూడ వైపు తిప్పుతుంది. ఆ వైపు ఏమీ రావడం లేదని చూసుకున్నాక, మళ్ళీ అట్లాగే జరుపుకుంటూ క్రషర్ గుట్ట వైపు తిరుగుతుంది. మెడ ఒక్కటీ తిప్పడం ఆమె వల్ల కాదు. మెడ, వెన్ను, తుంటి ఒకే ముక్కగా బిగుసుకుపోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇటు తిరిగి చూసేసరికి అటు చూసింది పాతబడిపోతుంది. అప్పటికి అటునుంచి ఏదో బండి రానే వస్తుంది. మళ్ళీ మొదటినుంచి మొదలు.

వాళ్ళ ఊరు నెమిలిబావిలో బోరునీళ్ళ ఫ్లోరిన్ ఎముకల్లోకి దిగినవాళ్ళు గుర్వమ్మతో కలిపి పద్దెనిమిది మంది ఉన్నారు. అందరూ ఇట్లాగే దాటుతారు. కొత్త జిల్లాలు వచ్చాక రోడ్డు వెడల్పయింది. గుట్ట దగ్గర క్రషర్ పెట్టాక కంకర టిప్పర్లు మొదలయ్యాయి. ఇళ్ళు ఎక్కువగా రోడ్డుకు ఇవతల, మంచినీళ్ళ ప్లాంటు, బడి అవతల. ఇంటింటికీ నల్లా వచ్చినా ఆ వయసువాళ్ళకు నీళ్ళ మీద పోయిన నమ్మకం తిరిగి రాలేదు. ప్లాంటు నుంచి క్యాను తెచ్చుకుంటేనే వాళ్ళకు గుక్క గొంతు దిగుతుంది.

సోమవారం పొద్దున గుర్వమ్మ కోడలు మంజులత వాకిట్లో కూర్చుని కందిపప్పు చెరుగుతోంది. అవతలి పక్క, ఆ పద్దెనిమిది మందిలో ఒకరైన గాలయ్య అయిదు లీటర్ల క్యాను పట్టుకుని తారు అంచున నిలబడ్డాడు. మర్రిగూడ వైపు చూశాడు. పాదాలు జరుపుకుంటూ గుట్ట వైపు తిరిగాడు. అడుగు వేశాడు. మర్రిగూడలో కంకర దింపి ఖాళీగా వస్తున్న టిప్పర్ అప్పుడే వంపు తిరిగింది. హారన్ వినగానే గాలయ్య అటు చూద్దామని అక్కడే, నడిరోడ్డు మీదే, మళ్ళీ పాదాలు జరపడం మొదలుపెట్టాడు. మంజులత చేట పడేసి లేచేలోపు టిప్పర్ పక్క రేకు ఆయన భుజాన్ని తాకింది. మనిషి తుంటి మీద పడ్డాడు. క్యాను పగిలి నీళ్ళు రోడ్డంతా పారాయి.

పది గజాల అవతల టిప్పర్ ఆగింది. డ్రైవర్ దిగలేదు, తలుపు తెరిచి తల బయటపెట్టాడు.

“ఏయ్ ముసలోడా! మెడ తిప్పి సూస్కోవా? సావనీకె నా బండే దొరికిందా?”

మంజులత అప్పటికే గాలయ్య తల ఒళ్ళో పెట్టుకుంది. “ఆయన మెడ తిరగది. నీ స్టీరింగ్ తిరుగుతది గదా!” అని అరిచింది.

అతను తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. నంబరు చూద్దామంటే పలక మీద దుమ్ము గట్టిగా పేరుకుపోయి ఉంది. మంజులత భర్త ఐలేశం ఆటో వెనక్కి తిప్పుకుని వచ్చాడు. నలుగురూ కలిసి గాలయ్యను ఎత్తి సీటు మీద అడ్డంగా పడుకోబెట్టారు. ఆయన ఒక్క మాటే అన్నాడు, అదీ మంజులతతో. “రెండు దిక్కులా సూసిన బిడ్డా. నేను సూడలేదంటడేంది?”

*

తుంటి ఎముక విరిగిందని సాయంత్రం ఫోను వచ్చింది. మంగళవారం పొద్దున మంజులత, అంగన్‌వాడీలో పనిచేసే నిరోష, ఊరి మేస్త్రి బుచ్చయ్య కలిసి రోడ్ల ఆఫీసుకు వెళ్ళారు. బుచ్చయ్య మాట్లాడతాడని కాదు. ఆయన ఒంగిన నడుమును కళ్ళారా చూస్తే సారు మనసు కరగవచ్చని నిరోష ఆయన్ని పట్టుకొచ్చింది.

ఇంజనీరు కమలాకర్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయి. మర్యాదస్తుడు. ముగ్గురికీ కుర్చీలు వేయించాడు. స్పీడ్ బ్రేకర్ కోసం ఇంతకుముందు ఇచ్చిన మూడు అర్జీల రసీదులు మంజులత తేదీల వరసలో బల్ల మీద పెట్టింది. అతను వాటివైపు చూసి తల ఊపి, కంప్యూటర్‌లో ఏదో తెరిచాడు.

“ఈ రోడ్డు మీద చనిపోయినోళ్ళు ఎంతమందమ్మా?”

“ఎవ్వరు లేరు సార్.”

“లేరు గదా,” అన్నాడతను. ఆ మాటలో ఊరట ఉంది, అర్జీ తిప్పికొట్టడమూ ఉంది. “స్పీడ్ బ్రేకర్ ఊకె వెయ్యరాదమ్మా. ప్రమాదాల లెక్క చూస్తరు. గాయాలైతే ఒక తీరు, ప్రాణం పోతే ఒక తీరు. నిన్నటిది ఇంకా ఎక్కలేదు. మీ ఊరి దగ్గర ఏమీ లేదని చూపిస్తాంది.”

మంజులతకు ఆ కంప్యూటర్ వెనక భాగమే కనిపిస్తోంది. “ఎందరు సావాలె సార్?”

“అమ్మా, గట్ల కాదు...”

“కాదు, జర చెప్పుండ్రి. ఒక్కలు సరిపోతరా, ఇద్దరు కావాల్నా? ఊళ్ళె అడిగి సూస్తం. ఎవరన్న తయారుగ ఉంటరేమో.”

నిరోష ఆమె మోచేయి నొక్కింది. బుచ్చయ్య మాత్రం నవ్వాడు. “నన్ను రాస్కో సారూ. నాకెట్లయిన వెనకా ముందూ ఎవ్వరు లేరు.”

కమలాకర్ ముఖం ఎర్రబడింది. “పెద్దమనిషీ, రూల్ గట్లుంది. నేను పెట్టిన రూల్ కాదు.”

“ఆ రూల్ కాయితం చూపియ్యిండ్రి సార్,” అంది మంజులత. “బ్రేకర్ ఎట్లుండాల్నో, ఎక్కడుండాల్నో, అన్ని అండ్లనే ఉంటయ్ గదా.”

“ఫైళ్ళల్ల ఉంటది. వెతకాలె.”

నాలుగో అర్జీకి నాలుగో రసీదు ఇచ్చాడు. ముగ్గురూ బస్సు కోసం ఎండలో నిలబడ్డారు. బుచ్చయ్య కూర్చోవడానికి అక్కడ ఎత్తయిన అరుగు లేదు, పల్లంలో కూర్చుంటే మళ్ళీ లేవలేడు. నలభై నిమిషాలు కరెంటు స్తంభానికి ఆనుకునే ఉన్నాడు. బస్సు కనిపించాక మంజులత, “రేపు మన క్యాన్లన్ని నింపి పెడుదాం నిరోషా,” అంది.

“ఎందుకక్కా?”

“ఖాళీవి పెడితే టిప్పర్ గాలికే ఎగిరిపోతయ్.”

*

బుధవారం ఎనిమిదింటికి రోడ్డుకు అడ్డంగా నిండు క్యాన్లు రెండు వరసలు పేర్చారు. వాటి వెనక ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. కుర్చీల్లో కూర్చున్నది కుర్రవాళ్ళు కాదు, ఫ్లోరిన్ మనుషులే, దవాఖానలో ఉన్న గాలయ్య కాక పదిహేడు మంది. అది గుర్వమ్మ ఆలోచన. ఒక్కొక్కరిని కూర్చోబెట్టడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఒక చేయి వీపు కింద, ఒక చేయి మోకాళ్ళ వెనక పెట్టి, గాజుసామాను దింపినట్టు దింపాలి.

తొమ్మిదిన్నరకు పదకొండు టిప్పర్లు ఆగిపోయాయి. కానిస్టేబుల్ ఒకడు మోటారుసైకిల్ మీద వచ్చాడు.

“లేవుండ్రి, లేవుండ్రి. రోడ్డు మీద ఏందిది? అవ్వా, లే.”

“నాకు లేవరాదు నాయినా,” అంది గుర్వమ్మ. “నువ్వే లేపు. జర సూసి లేపు. ఇరిగితే మాత్రం నీదే జిమ్మ.”

అతను ముందుకు వంగి ఆమె రెక్క పట్టుకోబోయి, ఆగిపోయాడు. పక్క కుర్చీలో ఉన్న బుచ్చయ్యను చూశాడు. ఆ పక్కవాళ్ళ కాళ్ళు చూశాడు. వెనక్కి తగ్గి టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

“నన్ను సుత లేపు,” అన్నాడు బుచ్చయ్య. “పొద్దటి సంది కూసోని నడుం పట్టింది.”

వెనక నిలబడ్డ ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నవ్వకూడదని కానిస్టేబుల్ కూడా ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

పదిన్నరకు క్రషర్ మేనేజర్ గోపీకృష్ణ కారులో వచ్చాడు. అతను ఊరివాళ్ళతో మాట్లాడలేదు. కారు పక్కన నిలబడి ఎవరికో ఫోను చేశాడు, ఇంకెవరికో చేశాడు. మూడో ఫోను పెట్టేసి అప్పుడు ఇటు తిరిగాడు.

“రేపు మధ్యాహ్నానికల్లా పడతది మీ బ్రేకర్. సారుతోని మాట్లాడిన. ఇగ జాగ ఇడిసిపెట్టుండ్రి.”

మంజులత అతని ముఖంలోకి చూసింది. నాలుగు అర్జీలకు కదలని కాగితం మూడు ఫోన్లకు కదిలింది. అయినా క్యాన్లు తీయడానికి మొదట వంగింది తనే.

*

అన్నట్టే గురువారం ఒంటిగంటకు ఒక ట్రాక్టర్‌లో వేడి తారు కంకర వచ్చింది. ఊరి మధ్య, ప్లాంటుకు ఎదురుగా కుప్ప పోశారు. రోలర్ తేలేదు. పారలతో అటూ ఇటూ లాగి, వాటి వీపుతో కొట్టి, ఖాళీ టిప్పర్‌తో రెండుసార్లు తొక్కించారు. గంటలో పని అయిపోయింది. రంగు వేయలేదు, పక్కన బోర్డు పెట్టలేదు.

బుచ్చయ్య దాని పక్కన చేయి ఆనించి చూశాడు. “జానెడు దాటిందిరా. గింత ఎత్తెందుకు పోసిండ్రు?”

“మీరే గదా అడిగిండ్రు,” అన్నాడు పనివాడు. “మంచిగ కానియ్యిండ్రి, మళ్ల అడగొద్దు అన్నరు సార్లు.”

అప్పుడు ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. మొదటి టిప్పర్ వచ్చి, దాని ముందు మోకరిల్లినట్టు ఆగి, ఒక్కో చక్రం ఎక్కించి దింపుకుంటూ పోయింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. నిరోష కొబ్బరికాయ కొట్టింది. తన ఇద్దరు పిల్లలు ఈ రోడ్డే దాటి బడికి పోవాలి. “అక్కా, మూడు నెలల సంది మొదటిసారి అన్నం మంచిగ తింట ఇయ్యాల,” అని మంజులత చేతులు పట్టుకుంది. సాయంత్రానికి దానికి మంజుల బ్రేకర్ అని పేరు కూడా పడింది. అది విని మంజులత వంటింట్లో ఒక్కతే నవ్వుకుంది.

శుక్రవారం గుర్వమ్మను నెల మందుల కోసం దవాఖానకు తీసుకుపోవాలి. ఆటోలో వెనక సీటు మీద దిండు వేసి, అత్త పక్కన కూర్చుంది మంజులత. ఐలేశం బ్రేకర్ దగ్గర దాదాపు ఆపేశాడు. ముందు చక్రం ఎక్కింది. ఒక క్షణం ఆటో నిట్టనిలువుగా ఉన్నట్టనిపించింది. తర్వాత దిగింది. వెనక చక్రాలు ఎక్కాయి, ఒకదాని వెంట ఒకటి దభీమని దిగాయి.

గుర్వమ్మ అరవలేదు. ఆమె గొంతులోంచి చిన్న శబ్దం వచ్చింది, పాలు తాగుతూ పొలమారిన పిల్లకు వచ్చేలాంటిది. ఆమె గోళ్ళు మంజులత మణికట్టులో దిగాయి. కుదుపు వస్తే మామూలు మనిషి ఒళ్ళు వంగుతుంది, ఊగుతుంది, సగం దెబ్బ సర్దుకుంటుంది. గుర్వమ్మ ఒళ్ళు వంగదు. దెబ్బ మొత్తం తుంటినుంచి తలకాయ దాకా ఒకే కర్రలో పోయినట్టు పోయింది.

“అత్తమ్మా! ఏమైంది?”

“ఏం కాలే. పోనియ్యి.” పెదాలు తెల్లబడ్డాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఊరు కనిపించగానే గుర్వమ్మ ముందుకు జరిగింది. “నాయినా ఐలేశం, జర ఆపు. నేను దిగి నడుస్త.”

“రోడ్డు నడుమన యాడ దిగుతవే అమ్మా?”

“దిగుతా అన్న గదా.”

దించారు. ఆమె బ్రేకర్ ఎక్కి దిగి, అవతల ఆటో కోసం నిలబడింది. ఎదురొచ్చిన మోటారుసైకిల్ ఒకటి ఆమె కొంగు తగులుతుందా అన్నంత దగ్గరగా వంకర తిరిగి పోయింది. అప్పుడు మంజులత చూసింది. బ్రేకర్‌కు అటు పక్క ఇంకో ఆటో ఆగి ఉంది. అందులోంచి కూడా ఇద్దరు ముసలివాళ్ళు దిగుతున్నారు. తెల్లవారినప్పటినుంచీ అందరూ ఇట్లాగే చేస్తున్నారట. ఆమెకు చెప్పలేదంతే. మంజుల బ్రేకర్ గదా.

ఇంటికి రాగానే ఇంజనీరుకు ఫోను చేసింది.

“చెప్పండమ్మా,” అన్నాడు కమలాకర్. “పడ్డది గదా మీ బ్రేకర్?”

“పడ్డది సార్. జానెడు ఎత్తున గోడ పడ్డది. మా ముసలోళ్ళు ఆటోల కూసుంటే బొక్కలు ఇరిగేటట్టున్నయ్. తగ్గించుండ్రి.”

“లేదంటే ధర్నా చేస్తరు, ఉన్నదంటే తీసెయ్యమంటరు. మొన్న అడిగిందీ మీరే, ఇయ్యాల వద్దన్నదీ మీరే. నేనేం రాసుకోవాలమ్మా?”

“వద్దనలేదు సార్. ఎట్లుండాల్నో అట్ల వెయ్యమన్న.”

“చూద్దాం. పని మంజూరైతే చూద్దాం.”

ఆమె ఫోను గోడవైపు విసరబోయి, బియ్యం డబ్బా మీద పెట్టింది.

శనివారం మధ్యాహ్నం గాలయ్యను ఇంటికి తెచ్చారు. తుంటిలో రాడ్డు వేశారు, కుదపవద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. బ్రేకర్ ముందు ఆటో ఆపారు. దుప్పటి నాలుగు కొసలు నలుగురు పట్టుకుని, అందులో గాలయ్యను మోసుకుంటూ నడిరోడ్డు మీద బ్రేకర్ దాటించారు. వెనక రెండు టిప్పర్లు హారన్ కొడుతూనే ఉన్నాయి. దుప్పటిలో గాలయ్య కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆయన కోసమే ఆ బ్రేకర్ వేయించింది.

దుప్పటి నాలుగో కొస మంజులత చేతిలో ఉంది.

*

“నేను ఒప్పుకోను,” అంది నిరోష. బ్రేకర్ ఎత్తు తామే తగ్గించుకోవాలా అని శనివారం సాయంత్రం బుచ్చయ్య వాకిట్లో పదిమంది కూడారు. “కొట్లాడి తెచ్చుకున్నం అక్కా. ఎత్తు తగ్గిస్తే టిప్పర్లు ఆగుతయా? నా పిల్లలు రోజుకు నాలుగుసార్లు దాటుతరు. నీకు మీ అత్తమ్మ ఎట్లనో నాకు వాళ్ళు గట్లనే.”

నిరోష తప్పు మాట్లాడలేదు. ఇద్దరినీ ఒకరి మీదికి ఒకర్ని నిలబెట్టింది ఆ తారు కుప్ప. దాన్ని పోసినవాళ్ళు మాత్రం హాయిగా ఇంట్లో ఉన్నారు.

బుచ్చయ్య చుట్ట ఆర్పాడు. “ఎత్తుతోనే బండి ఆగుతదనుకోకు బిడ్డా. నడిమిట్ల జర ఎత్తు, అటూ ఇటూ పొడుగు వాలు. ఉరికొచ్చిన బండి ఎగిరిపడతది, నిమ్మళంగ వచ్చిన బండికి తెల్వనే తెల్వది. నేను సిమెంటు మిల్లుల లారీలు తూచే వే బ్రిడ్జి కాడ పోసిన గట్ల. లారీలు మంచిగనే ఆగినయ్.”

“కొలత యాదికున్నదా మామా?” అంది మంజులత.

“లేదు. ముప్పై ఏండ్లాయె. పోసి సూస్కోవాలె.”

ఆదివారం క్రషర్‌కు సెలవు. తెల్లవారగానే సగం రోడ్డుకు రాళ్ళు, తుమ్మ కంప అడ్డం పెట్టారు. మిగతా సగం వచ్చే పోయే బండ్లకు వదిలారు. ఇండ్లు కట్టగా మిగిలిన సిమెంటు బస్తాలు, ఇసుక ఎవరింట్లోవి వాళ్ళు తెచ్చారు. కుర్రవాళ్ళు గడ్డపారలతో తారు నెత్తిని చెక్కారు. చేతులు భుజాలు దాటి లేవకపోయినా బుచ్చయ్య కుర్చీలో కూర్చుని కంటితోనే పని చేయించాడు. “ఆడ. ఇంకో వేలు. ఆగు, సాలు.” రెండు పక్కలా తట్టలతో తడి మొరం పోసి వాలుగా దిమ్మిస కొట్టారు. సిమెంటు వేసేముందు మొరంతోనే సరి చూసుకోవాలని ఆయన పట్టు.

మొదట ఐలేశం ఖాళీ ఆటో నడిపాడు. తర్వాత వెనక సీటు మీద నిండు చెంబు పెట్టి నడిపాడు. నీళ్ళు తొణికి సగం పోయాయి. వాలు పెంచారు. రెండోసారి తక్కువ తొణికాయి.

అరుగు మీదనుంచి గుర్వమ్మ చూస్తూ ఉంది. “చెంబుకు నొప్పి తెలుస్తదారా? నన్ను ఎక్కియ్యుండ్రి.”

“వద్దత్తమ్మా,” అంది మంజులత. “మొన్నటి నడుం నొప్పే ఇంకా తగ్గలే.”

“అందుకే గదా. నొప్పున్నప్పుడే మంచిగ తెలుస్తది. మంచిగున్నదాన్ని కూసోబెడితే ఏం తెలుస్తది?”

ఎక్కించారు. ఐలేశం నడకకన్నా నెమ్మదిగా పోనిచ్చాడు.

“ఎక్కుడు బాగనే ఉన్నది. దిగుడు మంచిగ లేదు. ఎనక నుంచి ఎవరో దొబ్బినట్టయింది.”

దిగేవైపు వాలు ఇంకో మూరెడు పెంచారు. మళ్ళీ.

“ఇప్పుడు నడిమిట్ల ఎత్తేసినట్టుంది.”

నెత్తి ఇంకో వేలు చెక్కారు. మళ్ళీ. ఇంకా మళ్ళీ. ఎండ ఎక్కింది. నిరోష కూడా చివరికి కొంగు దోపి మొరం తట్ట ఎత్తుకుంది, ముఖం మాత్రం ముడుచుకునే ఉంది. ప్రతిసారీ ఆటో బ్రేకర్ ఎక్కేముందు మంజులత అత్త పక్కన కూర్చుని మణికట్టు ఆమె చేతికి ఇచ్చేది. ఎంత గట్టిగా పట్టుకుంటుందో అదీ ఒక కొలతే.

ఆరోసారి బయలుదేరేటప్పుడు గుర్వమ్మ వేరే ధ్యాసలో ఉంది. “నిన్న నిరోషోళ్ళ ఇంట్ల పప్పు తిన్న. గంతుప్పు ఎవ్వలన్న ఏస్తరా? సింతపండు సుత పాతది. నేనేమన్నా అంటే దానికి కోపం. రేపటి సంది మనింట్ల నుంచే ఇంత గిన్నెల పోసి పంపు, పిల్లలన్న మంచిగ తింటరు...”

ఆటో ఎక్కింది, దిగింది. ఆమె మాట ఆగలేదు. మణికట్టు మీద ఆమె వేళ్ళు ఊరికే ఉన్నాయి.

“ఆపు,” అంది మంజులత. “మామా, గిదే.”

“ఏంది, అయిపోయిందా?” అంది గుర్వమ్మ. “ఎప్పుడెక్కినం?”

అందరికంటే ముందు నిరోష నవ్వింది. “నా పప్పు పుణ్యమే!”

సిమెంటు కలిపేముందు బుచ్చయ్య కొలతలు తీయించాడు, వచ్చే ఆదివారం రెండో సగం ఇట్లాగే రావాలి కదా. దారం కట్టి, నాలుగు వేళ్ళు అడ్డంగా ఆనించి, పైన ఇంకో వేలు పెట్టి ఎత్తు చూశాడు. బెత్తెడు మీద వేలెడు. వెడల్పుకు ఐలేశాన్ని నేల మీద బోర్లా పడుకోబెట్టి చేతులు చాపించాడు. సరిగ్గా రెండు బారలు. మంజులత ఆ రెండు మాటలూ పాత రసీదు వెనక రాసుకుంది. పొద్దుగూకేసరికి సగం రోడ్డు మీద తడి సిమెంటు వాలు సిద్ధమైంది. దాని మీద గోనెసంచులు పరిచి నీళ్ళు చల్లారు.

*

సోమవారం పదింటికి రోడ్ల ఆఫీసు జీపు వచ్చి ఆగింది. కమలాకర్ దిగాడు. ఈసారి అతని ముఖంలో మర్యాద లేదు.

“ఎవరు చేసిండ్రు ఇది? సర్కారు రోడ్డు తవ్వినందుకు కేసవుతదని తెల్సా? క్రషరోళ్ళు కంప్లయింట్ ఇచ్చిండ్రు.”

మంజులత గోనెసంచుల మీద నీళ్ళు చల్లుతూ ఉంది. బిందె కింద పెట్టింది. “నిన్న పనిచేసినం సార్, ఇయ్యాల పదింటికి వచ్చిండ్రు. ఈ సంగతి ముందు తెలిస్తే అర్జీ మేము రాయకపోదుం. క్రషరోళ్ళతోనే రాయిద్దుం.”

అతను ఆ మాట విననట్టు జేబులోంచి ఇనుప టేపు తీశాడు. కేసు రాయాలంటే కొలత రాయాలి. గోనెసంచి ఒకటి పక్కకు తీయించి, అడ్డంగా కొలిచాడు. చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. అడ్డకర్ర పెట్టి ఎత్తు కొలిచాడు. రాయబోయి ఆగాడు. మళ్ళీ కొలిచాడు.

“మా ఆఫీసు డ్రాయింగు మీకు ఎవరిచ్చిండ్రు?”

“ఏ డ్రాయింగు సార్?”

“ఎత్తు పది సెంటీమీటర్లు. సరిగ్గా ఉంది. వెడల్పు మూడు మీటర్ల డెబ్బై ఉండాలె. మూడు అరవై రెండు ఉన్నది. ఎనిమిది సెంటీమీటర్లు తక్కువుంది.”

“ఫైళ్ళల్ల వెతికితే దొరికిందన్నట్టు,” అంది మంజులత.

అతను ఆ అంకె పుస్తకంలో రాసుకున్నాడు.

“ఎనిమిది తక్కువైందా సార్. తప్పే. దీనికెంత ఎక్కువైందో జర అది సుత రాసుకోండి.” రోడ్డు రెండో సగం మీద, ఆఫీసు పోసిన తారు గుట్ట వైపు చూపించింది.

కమలాకర్ కదల్లేదు. ఊరు చూస్తూ ఉంది. చివరికి వంగి కొలిచాడు. ఎత్తు ఇరవై నాలుగు. వెడల్పు ఒక మీటరుకు కొంచెం పైన. ఆ అంకెలు నోటితో చెప్పలేదు, కానీ టేపు మీద వేలు ఎక్కడుందో నిరోష చూసింది.

“సార్, దీనికి టిప్పర్లు ఆగుతయా?” అంది నిరోష, సిమెంటు వాలు చూపిస్తూ. ఆమెకు అదొక్కటే కావాలి.

“ఆగుతయమ్మా. ఇరవై అయిదు స్పీడు దాటి పోలేవు. అందుకే పెట్టిండ్రు ఆ కొలత.”

“మరి మాకెందుకు పెట్టలే?”

అప్పుడే ఐలేశం ఆటో వచ్చింది. శుక్రవారం కుదుపుకు మొదలైన నొప్పికి గుర్వమ్మకు ఎక్స్‌రే తీయించడానికి మర్రిగూడ తీసుకుపోవాలి. కొత్త సిమెంటు ఇంకా ఆరలేదు, ఆటో తారు వైపు నుంచే పోవాలి. బ్రేకర్ ముందు ఆగింది. ఐలేశం దిగి వెనక్కి వచ్చి, తల్లి వీపు కింద ఒక చేయి, మోకాళ్ళ వెనక ఒక చేయి పెట్టి కిందికి దించాడు. దించి, ఖాళీ ఆటోను అవతలికి ఎక్కించి దింపాడు.

కమలాకర్ టేపు చుట్టడం మరిచిపోయి చూస్తున్నాడు.

“ఈమెనెందుకు దింపిండ్రు?”

“రోజూ దింపుతరు సార్. మీరు పోసిన కాడినుంచి అందరిని దింపుతరు,” అంది మంజులత.

“నాకు ఎవ్వరూ...” అని మొదలుపెట్టి ఊరుకున్నాడు. ఆమె ఫోను చేసిన సంగతి అతనికీ గుర్తుంది.

గుర్వమ్మ నడక మొదలుపెట్టింది. బ్రేకర్ ఎక్కి, దిగి, మూడడుగులు వేసింది. గుట్ట వైపునుంచి కంకర నిండిన టిప్పర్ వచ్చింది. బ్రేకర్ ముందు వేగం తగ్గించి, ముసలామె అడ్డంగా ఉందని చూసి, పొడుగ్గా హారన్ కొట్టింది. మంజులత అలవాటుగా పరుగెత్తబోయింది. రోజూ చేసేది అదే, రెక్క పట్టుకుని ఆమెను అంచుకు ఈడ్చడం.

కమలాకర్ ఆమెకంటే ముందు కదిలాడు. చేతిలో టేపు అట్లాగే వేలాడుతుండగా నడిరోడ్డు మీదికి వెళ్ళి, టిప్పర్‌కు ఎదురుగా నిలబడి అరచేయి ఎత్తాడు. హారన్ ఇంకోసారి మోగింది. అతను కదల్లేదు. డ్రైవర్ తల బయటపెట్టి ఏదో అనబోయి, పక్కనున్న ఆఫీసు జీపు చూసి తల లోపలికి పెట్టుకున్నాడు.

గుర్వమ్మ ఎడమ చెప్పు జారిపోయింది. ఆమె వంగి తీసుకోలేదు, కింద చూసుకోలేదు. ఆగి, కాలి బొటనవేలితో తారు మీద తడుముతూ చెప్పును వెతుక్కుంటోంది. ఐలేశం ఆటో దిగి వస్తుంటే వద్దన్నట్టు చేయి ఊపింది.

మంజులత రోడ్డు అంచునే ఆగిపోయింది. వెనక ఇంకో టిప్పర్ వచ్చి నిలబడింది. ఇంజనీరు ఎత్తిన చేయి దించలేదు, వెనక్కి తిరిగి ఎంతసేపని అడగలేదు. గుర్వమ్మ వేలికి చెప్పు పట్టీ దొరికింది. మళ్ళీ జారింది. ఆమె తొందరపడలేదు.